గేటు ఎవరు తీశారండీ?

"ఇంట్లోకి దూరితే కొట్టరూ మరి!"

ఈ మాట ఎన్ని నోళ్ళలో విన్నానో లెక్కలేదు. పేరంటంలో విన్నాను. ఎంఎంటీఎస్ రైల్లో ఆడవాళ్ళ పెట్టెలో విన్నాను. బి.ఏ.లు, ఎం.ఏ.లు చదివి, పిల్లల్ని ఇంజనీర్లని చేసి, రోజూ పేపరు మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా నమిలేసే ఇల్లాళ్ళ నోటనే విన్నాను. "ఆ రిపోర్టరుకి బాగా అయింది లెద్దురూ! మైకు పట్టుకుని ఎక్కడపడితే అక్కడికి ఎగబడటమేనా? పెద్దాయనకి కోపం రాదూ?" అంటారు. అనేసి, నింపాదిగా వక్కపొడి నోట్లో వేసుకుంటారు.

నాకు ఆ మాట నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో చెప్పడానికే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. చదివి నన్ను తిట్టుకున్నా ఫరవాలేదు. వక్కపొడి కాస్సేపు పక్కన పెట్టి చదవండి, అంతే.

సంగతి మీకు తెలిసిందే. అయినా వరసగా చెబుతాను. టీవీలో వందసార్లు చూసినవాళ్ళకి కూడా వరస గుర్తుండదు, దెబ్బ ఒక్కటే గుర్తుంటుంది. 2024 డిసెంబరు రెండో వారం. నటుడు మోహన్‌బాబుగారికీ ఆయన చిన్నకొడుకు మనోజ్‌కీ తగాదా వచ్చింది. ఒకరి మీద ఒకరు పహాడీషరీఫ్ పోలీసు స్టేషనులో ఫిర్యాదులు ఇచ్చుకున్నారు. ఇల్లు జల్‌పల్లిలో. మా యాకుత్‌పురా నుంచి చాంద్రాయణగుట్ట మీదుగా దక్షిణంగా పోతే వస్తుంది ఆ వూరు. డిసెంబరు 10 రాత్రి మనోజ్ ఆ గేటు దగ్గరికి వచ్చాడు. గేటు తియ్యలేదు. తోసుకుని లోపలికి వెళ్ళాడు. వెనకాలే రిపోర్టర్లూ వెళ్ళారు. కాస్సేపటికి అతను చిరిగిన చొక్కాతో కనిపించాడు. అంతలో మోహన్‌బాబుగారు వచ్చారు. ఒక టీవీ రిపోర్టరు మైకు ముందుకు చాపి ఏదో అడగబోయాడు. ఆయన ఆ మైకు లాక్కుని దానితోనే అతన్ని కొట్టారు. చెంప ఎముక విరిగింది. అప్పటికి అతను అయ్యప్ప మాలలో వున్నాడు.

పోలీసులు ముందు ఒక సెక్షను కింద కేసు పెట్టి, తర్వాత దాన్ని హత్యాయత్నం సెక్షనుకి మార్చారు. ముందస్తు బెయిలు ఇవ్వడానికి తెలంగాణ హైకోర్టు డిసెంబరు 23న ఒప్పుకోలేదు. 2025 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు ఇచ్చింది. ఈ మధ్యలో ఆయన బహిరంగంగా విచారం తెలిపారు. ఆస్పత్రికి వెళ్ళి ఆ రిపోర్టరునీ, ఇంట్లోవాళ్ళనీ పరామర్శించారు. మనోజ్ కూడా పత్రికలవాళ్ళకి క్షమాపణ చెప్పాడు. కాబట్టి నేరమూ శిక్షా సంగతి కోర్టులు చూసుకుంటాయి. అందులో నాకు పని లేదు. నా పని మీతో. "బాగా అయింది" అన్నారే, ఆ మాటతో.

ఇల్లు అన్నారు. సరే, ఇల్లే. పిలవని మనిషి లోపలికి వస్తే నాకూ ఒళ్ళు మండుతుంది. పొమ్మంటాను. గేటు వేసుకుంటాను. మరీ మొండికేస్తే పోలీసుల్ని పిలుస్తాను. ఆ రాత్రి ఆ ఇంటి దగ్గర పోలీసులకీ కరువులేదు, బౌన్సర్లకీ కరువులేదు. ఒక్కమాట చాలు, బయటికి సాగనంపడానికి. ఇన్ని మార్గాలుండగా మనిషి ఎముక విరిగేదాకా పోవడం ఏ గృహధర్మంలో వుందో నాకు చెప్పండి. మన గుమ్మానికి రోజూ ఎంతమంది రారు? గ్యాసు బండ తెచ్చేవాడు వస్తాడు, కరెంటు మీటరు చూసేవాడు వస్తాడు, ఓటర్ల జాబితా పట్టుకుని పంతులమ్మ వస్తుంది. మనం అన్నం వడ్డించుకున్న వేళకే వస్తారు పాపం, ఏ ముహూర్తమో అది! విసుక్కుంటాం. అంతేగాని మీటరు పుస్తకం లాక్కుని వాడి మొహాన కొట్టం. కొడితే మన వీధిలో మనల్ని ఏమంటారు? ఆ విలేఖరీ డ్యూటీ మీద వచ్చినవాడే. తనకై తాను సరదాకి రాలేదు. పంపితే వచ్చాడు.

ఇంతకీ ఆ గేటు ఎవరు తీశారన్నది నా ప్రశ్న. మనోజ్ తోశాడని మీరంటారు. నేను అంతకన్నా చాలా ముందుకి వెళ్ళి అడుగుతున్నాను.

ఆ వారమంతా మీరు టీవీలో ఏం చూశారో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. ఒక ఇల్లు. ఒక గేటు. లోపల ఎవరు, బయట ఎవరు? ఎవరు ఎవరితో మాట్లాడటం లేదు? ఎవరి చొక్కా చిరిగింది, ఎవరి గొంతు పూడుకుపోయింది? సాయంత్రం ఏడింటికి ఒక మలుపు, తొమ్మిదింటికి మరో మలుపు. ఇది వార్తా? అక్షరాలా బిగ్‌బాస్! ఫోను తీసి ఓటు వెయ్యమనడం ఒక్కటే తక్కువ. ఒక తండ్రీ కొడుకుల తగాదా మన వంటింటి దాకా సీరియల్‌గా వచ్చిందంటే, అలా చూడటానికి మన కళ్ళని అప్పటికే ఎవరో అలవాటు చేశారు.

మేం బి.ఏ.లో ఇంగ్లీషు సాహిత్యం చదివే రోజుల్లో జార్జి ఆర్వెల్ నవల ఒకటి చెప్పేవారు. 1949లో వచ్చిన నవల. అందులో పెద్దన్న అనే వాడొకడుంటాడు. ప్రతి ఇంట్లోకీ, ప్రతి గదిలోకీ వాడి చూపు చొరబడుతుంది. ఆ మాట వింటేనే ఒళ్ళు జలదరించేది. యాభై ఏళ్ళు తిరిగేసరికి, 1999లో, నెదర్లాండ్స్‌లో ఆ పేరే పెట్టి టీవీ కార్యక్రమం మొదలెట్టారు. భయపడాల్సిన దాన్ని కాలక్షేపం చేశారు. 2006లో అది హిందీలోకి వచ్చింది. 2017 జూలై 16న జూనియర్ ఎన్.టి.ఆర్. చేతుల మీదుగా తెలుగులోకి దిగింది. ఆ తర్వాత నాని, ఆ తర్వాత నాగార్జున. పడకగదిలో కెమెరా, వంటింట్లో కెమెరా, ఎవరు గిన్నె కడగలేదన్న దాని మీద గంటసేపు పంచాయితీ. మన ఇళ్ళల్లో ఎవరు కడగకపోయినా కడిగేది మనమే కదా, దానికి టైటిలూ ఇవ్వరు, యాభై లక్షలూ ఇవ్వరు. పోనివ్వండి.

నేను చూడనే చూడనని గొప్పలు పోవటం లేదు. 2020లో గంగవ్వ కోసం చూశాను. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి ముసలమ్మ, జీవితమంతా కాయకష్టం చేసిన మనిషి, ఆ అద్దాల ఇంట్లో కూచుని అంతమంది పడుచువాళ్ళకి మాట నేర్పింది. 2019లో గెలిచిన రాహుల్ సిప్లిగంజ్ మా పాతబస్తీ కుర్రాడు. 2023లో ఆస్కారు వేదిక మీద పాడితే మా గల్లీల్లో మిఠాయిలు పంచుకున్నారు. ఆ కార్యక్రమంలోకి వెళ్ళినవాళ్ళంతా చెడ్డవాళ్ళని నేననను. నేననేది వేరు. మనిషి ఇంటి గేటు తీసి లోపల జరిగే తగాదా అమ్ముకోవచ్చునని ఆ కార్యక్రమం ఒక తరానికి నేర్పింది. చూసేవాళ్ళకి నేర్పింది, అందులో వుండేవాళ్ళకి నేర్పింది. అన్నిటికన్నా ముఖ్యం, న్యూస్ ఛానళ్ళకి నేర్పింది.

ఆ రెండిటికీ మధ్య గోడ ఎప్పుడో కూలింది సుమా! వార్తలు చదివిన దీప్తి నల్లమోతు రెండో సీజనులో ఆ ఇంట్లోకి వెళ్ళింది. ముఖాముఖిలో సినిమావాళ్ళని గుచ్చి గుచ్చి అడిగిన జాఫర్ మూడో సీజనులో వెళ్ళాడు. తీన్మార్ సావిత్రిగా అందరికీ తెలిసిన శివజ్యోతి కూడా అప్పుడే వెళ్ళింది. వాళ్ళ తప్పేమీ లేదు, పొట్టకూటికి ఎవరి దారి వాళ్ళది. కానీ నిన్న ప్రశ్నలడిగినవాళ్ళు ఇవాళ అద్దాల పెట్టెలో కూచుని ఏడుస్తుంటే, ప్రశ్న అడగడం అనే పనికి వున్న మర్యాద కొంచెం కొంచెంగా కరిగిపోతుంది. రిపోర్టరంటే ఆటలో ఇంకొక ఆటగాడు, అంతే. ఆటగాడిని కొడితే ప్రేక్షకులు చప్పట్లు కొడతారు. మీరు "బాగా అయింది" అన్నది ఆ చప్పట్లే.

ఈ చప్పట్ల ఖరీదు మా పాతబస్తీకి బాగా తెలుసు. మా యాకుత్‌పురాకి పక్కనే చంచల్‌గూడ. అక్కడి జైలు మీరు వినే వుంటారు. 2023 డిసెంబరు 17న బిగ్‌బాస్ ఏడో సీజను ముగిసింది. రైతుబిడ్డనని చెప్పుకున్న పల్లవి ప్రశాంత్ గెలిచాడు. జూబ్లీహిల్స్‌లో అన్నపూర్ణా స్టూడియో బయట అభిమానులు పోగయ్యారు. గెలిచినవాడి వైపువాళ్ళు, ఓడినవాడి వైపువాళ్ళు. కార్ల అద్దాలు పగిలాయి. ఆర్టీసీ బస్సుల అద్దాలు పగిలాయి. పోలీసులు వద్దన్నా వూరేగింపు తీశాడని కేసు పెట్టి, గెలిచిన మూడో రోజున ప్రశాంత్‌ని గజ్వేలు దగ్గర వాళ్ళ వూళ్ళో అరెస్టు చేశారు. టైటిలు పుచ్చుకున్న వారంలోనే చంచల్‌గూడ జైల్లో పడుకున్నాడు. తర్వాత బెయిలు మీద వచ్చాడనుకోండి. జైలు గేటు ముందు కూడా కెమెరాలే!

అప్పుడు పగిలిన బస్సుల గురించి నేను ఎవరితో చెప్పినా నవ్వారు. నవ్వులాట కాదు. తెలంగాణలో ఆడవాళ్ళకి బస్సు ప్రయాణం ఉచితమైంది అదే నెల 9న. సరిగ్గా ఎనిమిది రోజులకి ఆ బస్సుల అద్దాలు పగలగొట్టారు. తెల్లారి పనికి పోయే ఆడవాళ్ళు ఎక్కే బస్సులు. ఎవరు గెలిచారని? నూరు రోజులు ఒక ఇంట్లో కూచుని వచ్చిన మనిషి గెలిచాడని!

ఇది మన వూరి జబ్బే అనుకోకండి. అమెరికాలో డొనాల్డ్ ట్రంప్ 2004 నుంచి పదేళ్ళకి పైగా 'ది అప్రెంటిస్' అనే రియాలిటీ షో నడిపాడు. బల్లకి అవతల కూచుని, నీ ఉద్యోగం పోయిందని వేలు చూపిస్తే జనం కేరింతలు కొట్టేవారు. 2015 నవంబరులో ఎన్నికల సభలో ఒక పత్రికా విలేఖరి ప్రస్తావన వచ్చింది. ఆ విలేఖరికి చేతి కీళ్ళు బిగిసిపోయే వ్యాధి. ట్రంప్ వేదిక మీద తన చేతులు మెలితిప్పి చూపించాడు. వెక్కిరించలేదని తర్వాత బుకాయించాడు. చూసినవాళ్ళకి కళ్ళున్నాయి. ఆ సభలో జనం నవ్వారు. ఏడాది తిరిగేసరికి అధ్యక్షుణ్ణి చేశారు. రిపోర్టరుని అవమానిస్తే నష్టం లేదు, పైగా లాభం అని ఆ నవ్వే అతనికి చెప్పింది.

అమెరికా దాకా ఎందుకు, మా గల్లీలోనే ఒక కుర్రాడున్నాడు. పేరెందుకు లెండి. డిగ్రీ చదివాడు. తల్లి కార్‌చోబీ పని చేస్తుంది. పెద్ద చట్రానికి గుడ్డ బిగించి, కళ్ళు చిట్లించుకుని జరీ కుడుతూ నలుగురు పిల్లల్ని పెంచిన మనిషి. ఈ కుర్రాడు చిన్న ఛానల్ ఒకదానికి పాతబస్తీ వార్తలు పంపుతాడు. నాలా పొంగింది, కరెంటు పోయింది, రేషను షాపు తియ్యలేదు, ఇలాంటివి. ఆ మధ్య మా వైపు ఒక బట్టల దుకాణం తెరిచారు. దుకాణదారు డబ్బిచ్చి ఒకానొక రియాలిటీ షోలో మెరిసి వచ్చిన మహాశయుణ్ణి రిబ్బను కత్తిరించడానికి పిలిపించాడు. జనం ఇసక వేస్తే రాలరు. మా రోడ్డు మామూలుగానే ఒక ఆటో పోతే రెండో ఆటో ఆగాలి. ఆ గుంపులో ఒక ఆటో ఇరుక్కుపోయింది. లోపల నిండు చూలాలు.

ఈ కుర్రాడు మైకు చాపి అడిగాడట: "అన్నా, దారి మొత్తం బందయింది. మీరొక మాట చెబితే వీళ్ళు జరుగుతారు. చెబుతారా?"

ఆ మహాశయుడు మైకు మీది పేరు కూడబలుక్కుని చదివాడట. "ఏ ఛానల్‌రా ఇది? నీకెంతమంది సబ్‌స్క్రైబర్లు?" అన్నాడట. గుంపంతా గొల్లుమంది. వాడింకేదో చెప్పబోతే బౌన్సరు మెడ మీద చెయ్యి వేసి పక్కకి నెట్టాడు. ఇంకొకడు ఫోను లాక్కుని అప్పటిదాకా తీసిందంతా చెరిపేసి ఇచ్చాడు. ఆటోని చివరికి మా వీధి ఆడవాళ్ళే అరిచి, జనాన్ని తోసి, దాటించారు. ఆ తల్లీ బిడ్డా క్షేమంగానే వున్నారు, దేవుడి దయ.

"కంప్లయింటు ఇవ్వవేంరా?" అని అడిగాను.

"జానే దో ఆంటీ," అన్నాడు. "కంప్లయింటు ఇస్తే మా ఛానలాయనకే కోపం వస్తది. ఆ దుకాణం వాళ్ళు రంజానుకి యాడ్ ఇస్తమన్నరు. ఆ యాడ్ తెచ్చేది నేనే."

"మీ అమ్మకి చెప్పావా?"

"చెప్పలే. మీరు కూడా చెప్పకుండ్రి. ఈ పని బంద్ చెయ్ అంటది."

ఆ యాడ్ సంగతి మీకు అర్థం కాలేదేమో, చెబుతాను. రిపోర్టరంటే టై కట్టుకుని స్టూడియోలో అరిచేవాడని మనం అనుకుంటాం. అరిచేవాళ్ళు వేరు, తిరిగేవాళ్ళు వేరు. పత్రికల్లో కంట్రిబ్యూటర్లని వుండేవారు. అచ్చయిన వార్తని స్కేలు పెట్టి సెంటీమీటర్ల లెక్కన కొలిచి డబ్బులిచ్చే పద్ధతి. మనం రవికె గుడ్డ కొనుక్కున్నట్టు! వార్త అచ్చుకాకపోతే వాడు తిరిగిన ఎండా, పెట్రోలూ వాడివే. టీవీలొచ్చాక స్ట్రింగర్లయ్యారు. చాలామందికి నెలజీతం వుండదు, పండక్కీ పబ్బానికీ దుకాణాల చుట్టూ తిరిగి శుభాకాంక్షల ప్రకటనలు తేవాలి. ఎవరి దగ్గర ప్రకటన అడగాలో వాళ్ళనే రేపు ప్రశ్న అడగాలి. ఇలా చేతులు కట్టేసి, "ధైర్యంగా అడుగు, ముందుకి దూరు, అందరికన్నా ముందు మైకు పెట్టు" అని పంపుతారు. ఆలస్యమైతే ఆఫీసునుంచి తిట్లు. దూరితే అవతలివాడి దెబ్బలు. ఇంటికొస్తే మన "బాగా అయింది"!

రిపోర్టర్లందరూ బుద్ధిమంతులని నేను వకాల్తా పుచ్చుకోవటం లేదు. కొడుకు పోయి కుప్పకూలిన తల్లి నోటి దగ్గర మైకు పెట్టి "ఇప్పుడు మీకెలా అనిపిస్తోంది?" అని అడిగేవాళ్ళని చూస్తే నా చెయ్యీ దురద పెడుతుంది. కానీ ఆ ప్రశ్న వాడి బుర్రలో పుట్టిందా? కన్నీళ్ళు కనిపిస్తేనే ప్రోమో, ప్రోమో వుంటేనే ప్రకటన అని పైనుంచి చెప్పినవాడెవడు? వాడు చల్లని గదిలో కూచుంటాడు. జల్‌పల్లిలో ఆ రాత్రి ఏ ఛానల్ యజమాని చెంపా పగల్లేదు. ఎప్పుడూ పగలదు.

మరొకటి కూడా చెప్పాలి, ముఖ్యంగా ఆడవాళ్ళకి. దెబ్బంటే మైకు దెబ్బే కానక్కర్లేదు. 2019 జూలైలో, బిగ్‌బాస్ మూడో సీజను మొదలవబోతుండగా, హైదరాబాదులో ఒక టీవీ జర్నలిస్టు, ఆమె ఆడమనిషే, బంజారాహిల్స్ పోలీసులకి ఫిర్యాదు ఇచ్చింది. ఎంపిక పేరుతో మాట్లాడటానికి వచ్చినవాళ్ళు తనతో అసభ్యంగా మాట్లాడారని ఆమె ఆరోపణ. ఒక నటి కూడా అలాంటి ఫిర్యాదే చేసింది. కేసు నమోదైంది. నిర్వాహకులు హైకోర్టుకి వెళ్ళారు. నిజానిజాలు నేను తేల్చను. కానీ అప్పుడు మన కబుర్లలో ఏమనుకున్నామో గుర్తుందా? "అలాంటి చోటికి ఆవిడెందుకు వెళ్ళిందో!" ఇప్పుడేమంటున్నాం? "ఆ ఇంట్లోకి వాడెందుకు వెళ్ళాడో!" దెబ్బ తిన్నది ఎవరైనా సరే, ఎందుకు వెళ్ళారనే మన ప్రశ్న. ఇది ఎక్కడో విన్నట్టు లేదూ? పెళ్ళాన్ని కొట్టిన మొగుడి గురించి మన పెద్దవాళ్ళు అడిగేవారు చూడండి, "ఇంతకీ ఇదేం అందిట?" అని. ఆ అడగడమే ఇది. ఆ ప్రశ్నతో ముప్పయ్యేళ్ళుగా నా నవలల్లో తగాదా పడుతున్నాను, ఇక్కడ మాత్రం ఎందుకు వదులుతాను?

పెద్దాయన అన్నారు కదా, పెద్దాయనే. 1975 నుంచి తెరమీద వున్న నటుడు, రాజ్యసభలో కూచున్నాయన, 2007లో పద్మశ్రీ అందుకున్నాయన, విద్యాసంస్థలు నడుపుతున్నాయన. అన్నీ నిజమే. అందుకే గదా ఇంకా నిదానం వుండాలంటాను! ఇరవై ఏళ్ళ కుర్రాడు రోడ్డు మీద చెయ్యి చేసుకుంటే "రౌడీ వెధవ" అంటాం. అదే పని పేరున్న మనిషి చేస్తే "ఆవేశం పాపం" అంటాం. ఒకే పనికి రెండు పేర్లా?

ఈ వూరికి ఒక పాత గాయం వుంది. 1948 ఆగస్టులో, ఇమ్రోజ్ అనే ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ని కాచిగూడలో రజాకార్లు చంపారు. రాసిన చేతిని నరికేశారు. మా యాకుత్‌పురాకి కాచిగూడ ఎంత దూరం? నాలుగడుగులు. ఆ ఘోరానికీ ఈ మైకు దెబ్బకీ సాటి లేదు, కలపను కూడా. కానీ రాసేవాణ్ణి, అడిగేవాణ్ణి కొట్టడం తేలిక విషయమనుకునే హక్కు మిగతా వూళ్ళకి వుంటే వుండొచ్చు గాని, ఈ వూరికి లేదు.

ఇక ఆ చిన్న ఛానళ్ళూ, ఆ కుర్రాళ్ళూ లేకపోతే మనకేం పోయిందంటారా? 2025 సెప్టెంబరులో మా యాకుత్‌పురాలోనే ఒక చిన్నపిల్ల తెరిచివున్న మ్యాన్‌హోలులో పడిపోయింది. బడికి పోయే పిల్ల. వెంటనే పైకి లాగారు కాబట్టి బతికింది. ఆ సీసీ కెమెరా బొమ్మలు వూరంతా తిరిగాయి. పొరపాటు తమ వల్లే జరిగిందని హైడ్రా కమిషనరు ఒప్పుకున్నారు. ఒప్పుకునేదాకా ఎందుకు వచ్చింది? ఆ బొమ్మలు బయటికి రాబట్టి, నలుగురు అడగబట్టి. మా వైపు నాలాల గురించి, మూతల్లేని గుంతల గురించి అడగడానికి జూబ్లీహిల్స్ స్టూడియోలోంచి యాంకరమ్మ రాదు. మైకు మీద పేరు ఎవరికీ తెలియని కుర్రాడే వస్తాడు. "నీకెంతమంది సబ్‌స్క్రైబర్లు?" అన్నారే, ఆ కుర్రాడే. మనం చప్పట్లు కొట్టి కొట్టి వాడి చేత ఆ పని మానిపిస్తే, గుంత గుంతలాగే వుంటుంది.

అందుచేత ఛానళ్ళవాళ్ళని ఒక్కటే అడుగుతున్నాను. ఏ ఒక్కరినో కాదు, అందరినీ. రిపోర్టరుకి తగిలిన దెబ్బని గుండ్రని గీత గీసి, నెమ్మదిగా తిప్పి, వెనక్కి తిప్పి, మాకు పగలూ రాత్రీ చూపించారు. ఆ రెండు రోజుల్లో మధ్యమధ్య సబ్బుల ప్రకటనలూ, బంగారు దుకాణాల ప్రకటనలూ ఎన్ని వేశారో, వాటి మీద ఎంత వచ్చిందో ఒక అంకె. వూళ్ళల్లో మీకు వార్తలు పంపే స్ట్రింగర్లకి నెలకి ఎంత ఇస్తున్నారో, పని మీద వెళ్ళి దెబ్బ తింటే ఆస్పత్రి ఖర్చు ఎవరు పెడుతున్నారో ఒక అంకె. ఈ రెండూ కింద స్క్రోలింగులో వెయ్యండి. మేం ఆడవాళ్ళం బాగానే చదువుతాం, కళ్ళజోళ్ళున్నాయి.